వ్యాయామం: ముప్పై నిమిషాలు

…అయినా కుక్కకు సిగ్గు ఉంటుందా ఉండదా అన్నది ఇంకా తేలలేదు. భయం ఉంటుంది, అందులో సందేహం లేదు. గదులు కడగడానికొచ్చి రసూల్‌బీ ఆరో నంబరు కుక్కను ముందు పలకరిస్తే ఏడో నంబరు ఇనప జాలీ కొరుకుతుంది కాబట్టి ఈర్ష్య కూడా ఉన్నట్టే. సిగ్గు సంగతి వేరు. సిగ్గుపడాలంటే తనను ఇంకొకరు చూస్తున్నారని తెలియాలి. ఆ ఇంకొకరి కళ్లతో తనను తాను చూసుకోవాలి. చూసుకుని, ఛీ, అనుకోవాలి. ఇన్ని మెట్లు కుక్క ఎక్కగలదా? ఎక్కలేకపోతే, నిన్న సాయంత్రం తను రిజిస్టరు రాస్తూంటే ఏడో నంబరు అలా తల తిప్పుకోవడం దేనికి? ఎవరి తరఫున సిగ్గుపడుతున్నట్టు?

"నందిగామ! నందిగామ దిగేవాళ్లు దిగండి! ఏవండీ కుక్కల మేష్టారూ, మిమ్మల్నేనండీ!"

కండక్టరు అరుపుకు కృపారావు ఉలిక్కిపడి లేచాడు. రోజూ జరిగేదే. జగ్గయ్యపేటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడంటే మళ్లీ ఎవరో ఒకరు కేకేసేదాకా అతను ఈ లోకంలో ఉండడు.

ఆరేళ్లు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుకు ఒక్కమాట ఎదురు చెప్పవలసి వచ్చినప్పుడు చెప్పలేక, దానికన్నా ఉద్యోగం మానెయ్యడమే తేలికని మానేసిన మనిషి అతను. ముప్పై నాలుగేళ్లొచ్చినా పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడో ఒక దొర వెళ్లిపోతూ వదిలేసిన మనస్తత్వశాస్త్రం పుస్తకం, అట్ట ఊడిపోయినది, అతని దగ్గర ఉంది. దాన్ని ఎన్నిసార్లు చదివాడంటే, ఆకలేసినా అది నిజంగా ఆకలేనా, ఒంటరితనం ఆకలి వేషం వేసుకుని వచ్చిందా అని విచారించి గాని పొయ్యి ముట్టించడు.

అలాంటి మనిషికి కుక్కల్ని చూసి, చూసింది రాసే ఉద్యోగం దొరకడం ఆశ్చర్యమేమీ కాదు. మనుషుల్ని చూస్తే మనుషులు తిరిగి చూస్తారు. కుక్కలతో ఆ ఇబ్బంది తక్కువ.

నందిగామ ఊరి చివర, బెజవాడ రోడ్డు పక్కన, ఒక పెంకుటింటికి పరిశోధన కేంద్రం అని బోర్డు తగిలించి అప్పటికి ఎనిమిది నెలలైంది. పిచ్చి పట్టకుండా కుక్కలకు ముందుగానే వెయ్యడానికి మద్రాసులో కొత్త టీకా ఒకటి తయారుచేశారు. అది మంచిదో కాదో ఏడాది పాటు చూడాలి. పన్నెండు కుక్కలు. ఆరింటికి టీకా, ఆరింటికి ఉత్త ఉప్పునీళ్లు. ఏవి ఏవో మద్రాసు డాక్టరు వరప్రసాదరావుకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ వరప్రసాదరావుకు కుక్కలంటే ప్రాణం. వాటి వసతి గురించి ఆయన నాలుగు పేజీల రూళ్లు రాసి పంపాడు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, ఆ కొలతను బట్టి ఒక్కొక్క కుక్కకు గది కట్టాలి. ఆఫీసులో టేపు లేక బజారు నుంచి దర్జీ ఇనాయతుల్లాను పిలిపించారు. అతను పన్నెండు కుక్కల్నీ ఓపిగ్గా కొలిచి, అలవాటు కొద్దీ నడుమూ మెడా కూడా రాసిచ్చి పోయాడు. పడుకోవడానికి చెక్కపలక, ఎండ తగలకుండా తడక, అన్నీ రూళ్లలో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఎర్రసిరాతో గీత గీసి ఉంది: ప్రతి కుక్కనూ ప్రతిరోజూ అరగంట సేపు, గొలుసు లేకుండా, ఆరుబయట వదలాలి. అందుకని గదుల ముందు నేల చదును చేసి, జగ్గయ్యపేట నాపరాళ్లు పరిచి, చుట్టూ నడుమెత్తు గోడ కట్టారు. కుక్కలు పరుగెత్తడానికి అంత శుభ్రమైన చోటు జిల్లాలో ఇంకోటి ఉండదు.

ఆ శుభ్రమే కొంప ముంచింది.

నందిగామ తాలూకాలో మాఘమాసం వచ్చిందంటే జనం కళ్లు గట్టినేల ఎక్కడుందా అని వెతుకుతుంటాయి. మిరపపండ్లు కోతకొస్తాయి. ఎండబెట్టడానికి రోడ్డు పక్కలూ, బడి ముంగిళ్లూ, మేడల మీదా, ఏదీ మిగలదు. అలాంటిది నున్నటి బండలు, చుట్టూ గోడ, పశువు లోపలికి రాదు, పైగా కావలికి పన్నెండు కుక్కలు. ఆ రోజుల్లో అలాంటి చోటు ఖాళీగా పెట్టుకుని కుక్కల్ని తిప్పడం తప్పు కాదు, పాపం. ఆ పాపం చెయ్యడానికి ఆ చుట్టుపక్కల ఎవరికీ మనసొప్పదు.

కేంద్రం సూపరింటెండెంటు వీరరాఘవయ్యకు అసలు మనసొప్పలేదు. కంచికచర్ల నుంచి ఆయన బామ్మరిది తిరుపతిరావు వచ్చి అడగడమే తరువాయి.

"వారం రోజులే బావా. మబ్బు పట్టింది. మట్టి కళ్లంలో పోస్తే బూజు పడతాయి."

"మరి కుక్కలో?"

"కుక్కలకేం? ఓ వారం కూర్చుని తింటాయి. నన్ను ఎవరన్నా అట్టా కూర్చోబెట్టి పెడితే జన్మంతా కూర్చుంటా."

వీరరాఘవయ్య నవ్వాడు. ఆ పక్కనే నిలబడ్డ కృపారావు వైపు తిరిగి, నవ్వు తగ్గించుకుని, "ఏమయ్యా, వ్యాయామం కాలమ్ ఖాళీగా వదలమాక. ముప్పై అని వెయ్యి" అన్నాడు.

"తిప్పకుండానేనా అండీ?"

"తిప్పుతామయ్యా. వారం పోయాక గంటగంట చొప్పున తిప్పి లెక్క సరిచేద్దాం. ఈలోగా కుక్కలేమన్నా మద్రాసుకు ఉత్తరం రాస్తాయా?"

వారం ఆరు వారాలైంది. మొదటి కోత పోయి రెండో కోత వచ్చింది. బండల మీద గోడ నుంచి గోడ దాకా ఎర్రటి దుప్పటి పరిచినట్టుండేది. పొద్దునా సాయంత్రం కూలీలు పారలతో తిరగేసేవాళ్లు.

మొదటి రోజు కృపారావు ముప్పై అంకె వేస్తుంటే చెయ్యి వణికింది. రెండో రోజు వణకలేదు. మూడో రోజు ఆ మూడు ముప్పైల్నీ ఒకదాని కింద ఒకటి చూసుకుంటే అతనికి చిరాకేసింది. అబద్ధమని కాదు. కళ లేని అబద్ధమని. బతికున్న జంతువు గడియారం చూసుకుని నడుస్తుందా? నాలుగో రోజు నుంచి ఇరవై ఎనిమిది అనీ, ముప్పై ఒకటి అనీ, కుక్క స్వభావాన్ని బట్టి వెయ్యడం మొదలుపెట్టాడు. బద్ధకస్తురాలు రెండో నంబరుకు ఎప్పుడూ ఓ నిమిషం తక్కువే. ఒకరోజు చినుకులు పడితే పన్నెండుకీ పద్నాలుగేసి నిమిషాలు వేసి, పక్కన "వాన వల్ల" అని రాశాడు. ఆ రోజు అతనికి ఎంతో తృప్తి కలిగింది. ఆ తృప్తి ఎక్కడి నుంచి వచ్చిందా అని సాయంత్రం బస్సులో జగ్గయ్యపేట దాకా ఆలోచించాడు. ఏదో ఒక పేరు దొరికింది దానికి, పుస్తకంలో.

మూడో వారం నుంచి కుక్కల్లో మార్పు వచ్చింది. కళ్లు నీరు కారుతున్నాయి. మూతులు తడిసి చొంగ వేలాడుతోంది. కొన్ని గదిలోనే గుండ్రంగా తిరుగుతున్నాయి, కొన్ని జాలీ కొరుకుతున్నాయి. మొరుగు బొంగురుపోయింది. నీళ్ల దగ్గరికి ఆత్రంగా వెళ్లి, నాలుక పెట్టి, గభాలున వెనక్కి తగ్గుతున్నాయి.

వ్యాయామం పక్కన ప్రవర్తన అని ఇంకో కాలమ్ ఉంది. కృపారావు ప్రాణమంతా ఆ కాలమ్‌లోనే ఉండేది. అందులో ఒక్కటీ అబద్ధం రాయలేదు. చూసింది చూసినట్టు రాసి, దాని కింద తన ఊహ రాసేవాడు. "నాలుగో నంబరు గంటసేపు కన్నీరు కార్చింది. గతం గుర్తుకు వచ్చి ఉండవచ్చు." "పదో నంబరు తన కంఠస్వరాన్ని తానే మార్చుకుంటోంది. వేరొకరుగా ఉండాలన్న కోరిక." ఏడో నంబరు గురించి రాసింది అతనికి ఎంత నచ్చిందంటే, రసూల్‌బీకి చదివి కూడా వినిపించాడు: "నీటిలో తన ముఖం చూసుకుని వెనుదిరిగింది. ఆత్మజ్ఞానానికి ఇది ఆరంభం కావచ్చును."

అతనికి మిరపకాయలు తెలియక కాదు. వాళ్లమ్మ ఆరోగ్యమ్మ బతికున్నన్నాళ్లూ కళ్లాల్లో తాలుకాయలు ఏరింది. ఆ కాయల కుప్ప పక్కనే పాత చీర పరిచి అతన్ని పడుకోబెట్టేది. అందువల్లే ఆ ఘాటు అతనికి ఘాటుగా తోచదు. అది మాఘమాసపు గాలి, అంతే.

శనివారం శనివారం రిజిస్టరు నకలు మద్రాసు వెళ్లేది. అక్కడ వరప్రసాదరావు ఆత్మజ్ఞానం సంగతి పక్కనబెట్టి మిగిలింది చదివాడు. చొంగ. బొంగురు గొంతు. నీళ్లు మింగలేకపోవడం.

ఆ బుధవారం కృపారావు బస్సు దిగి, సిగ్గు గురించి ఇంకా తేల్చుకోకుండానే కేంద్రంలో అడుగు పెట్టేసరికి వీరరాఘవయ్య వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చేతిలో టెలిగ్రాం.

"రేపొస్తున్నాడయ్యా. కుక్కల గదుల దగ్గరికి ఎవర్నీ పోనివ్వొద్దన్నాడు. అంటే ఏంటి? పిచ్చి పట్టిందనేగా? ఏం రాసి పంపావయ్యా నువ్వు?"

"ఉన్నదే రాశానండీ."

"ఉన్నది రాయమని నీకెవరు చెప్పారు?"

పదింటికల్లా తిరుపతిరావు రెండు బళ్లూ, పదిమంది కూలీలతో వచ్చాడు. మధ్యాహ్నానికి మిరపకాయలన్నీ బస్తాల కెక్కాయి, బస్తాలు బళ్ల కెక్కాయి. ఆ తర్వాత చీపుళ్లు పట్టారు. ఆరు వారాల పొడి ఒక్కసారి లేచింది. తూర్పుగాలి దాన్ని ఎత్తుకొచ్చి తిన్నగా కుక్కల గదుల్లోకి తోసింది. ఎర్రటి పొగలాగా వచ్చి, జాలీల మీద, పలకల మీద, గిన్నెల మీద దిగింది. పన్నెండు కుక్కలూ ఒక్కసారి తుమ్మడం మొదలుపెట్టాయి.

వరండా చివర రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ కృపారావు కూడా తుమ్మాడు. ఒకటి కాదు, ఎనిమిది. కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. ఏదైనా అందామంటే గొంతు బొంగురుగా పలికింది. మూతి తుడుచుకున్నాడు. తుడుచుకుని, చేతివైపు చూసుకుని, కుక్కలవైపు చూశాడు.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రసూల్‌బీ నవ్వుతోంది. కుక్కలకు వండిపెట్టి గదులు కడిగేది ఆమె. యాభై ఏళ్లుంటాయి.

"ఏం సారూ, మీరు గూడా నీళ్లలో మొహం చూసుకున్నారా?"

"రసూల్‌బీ, ఇది మిరప ఘాటు కదూ?"

"కాకపోతే అత్తరా? నెల్రోజుల్నుంచి మొత్తుకుంటన్నా, గిన్నెల్లో ఎర్రగా తేలతందీ అని. మీరేమో కలం తీసి, మనసూ, లోపలి మనసూ, దాని కింద మనసూ అన్నారు. సదువుకున్నోళ్లు, కుక్కకి మూడుంటయ్యేమోలే అనుకున్నా."

"నీళ్లు మార్చకపోయావా?"

"మారుస్తూనే ఉన్నా. మార్చిన గడియకి మళ్లీ పడద్ది. ఇయ్యాల పొద్దున పోసినయ్యే, ఇంక దగ్గరికి పోవద్దని పెద్దయ్యగారి ఆర్డరు. ఆయనకి నిజంగానే బయమేసింది."

"ఇది డాక్టరుగారికి చెప్పాలి."

"చెప్పండి."

కృపారావు బండలవైపు చూశాడు. కూలీలు బిందెలతో నీళ్లు కొట్టి, ఫినాయిలు చల్లుతున్నారు.

"నువ్వు చెబుతావా?" అన్నాడు.

రసూల్‌బీ నవ్వు ఆగిపోయింది. "నేను చెప్తే మిరపకాయలేయీ, చూపించమంటాడు. అయ్యి బండెక్కి పోయినయ్యి. నా మాటకి సాచ్చికం కుక్కలు. మీ మాటకి కాయితం. మా తాసీల్దారు బయటికి అడుగు పెట్టి నలబై రోజులైంది సారూ. మీ కాయితంలో నిన్న గూడా తిరిగొచ్చింది."

తాసీల్దారంటే ఏడో నంబరు. కుక్కలకు పేర్లు పెట్టకూడదని రూళ్లలో ఉంది. రసూల్‌బీకి రూళ్లు చదవడం రాదు.

మర్నాడు పొద్దున బస్సులో కృపారావు సిగ్గు గురించి ఆలోచించలేదు. భయం గురించి ఆలోచించాడు. నాకు భయంగా ఉంది అనుకున్నాడు. ఆ మాట అనుకున్న వాడెవడు? భయపడేవాడు కాదు, చూసేవాడు. చూసేవాడికి భయం లేదు. భయం లేనివాడే చెప్పవచ్చు గదా! కాని చూసేవాడికి నోరు లేదు. నోరు భయపడేవాడి దగ్గర ఉంది. ఈ పంపకం ఎవరు చేశారు? హెడ్మాస్టరు గదిలో నిలబడ్డనాడు కూడా ఇంతే. ఆనాడు చెప్పవలసిన మాట ఏమిటో ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పెదవుల దాకా వచ్చింది. వచ్చి, తనను తాను చూసుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

ఇంతా ఆలోచించి, ఒక నిర్ణయానికి వచ్చాడు. డాక్టరు తనంతట తాను అడిగితే చెప్పాలి. అడక్కపోతే ఎలా అడిగించాలా అని ఆలోచించాలి. నందిగామ వచ్చేసింది.

వీరరాఘవయ్య గేటు దగ్గరే పట్టుకున్నాడు. గొడుగు ఉంది చేతిలో, ఎండకు కాదు, కుక్క మీద పడితే అడ్డానికి.

"చూడు కృపారావ్. నాకింక ఏడాదిన్నర సర్వీసుంది. నీది టెంపరరీ. ఏమడిగినా రిజిస్టరు చూడమను, నోటితో ఏం చెప్పమాక. ఎంత చక్కగా రాశావయ్యా, అచ్చుగుద్దినట్టు! కుక్కలు తిరగలేదంటే ఇప్పుడు నేనే నమ్మను."

తొమ్మిదిన్నరకు జీపు వచ్చింది. అందులోంచి వరప్రసాదరావు దిగాడు. నలభై లోపు మనిషి, సన్నగా, కళ్లద్దాలతో. ఆయన వెనక జీపులో ఒక తోలుసంచీ, రంపపు పొట్టులో ఐసు పెట్టిన చెక్కపెట్టె ఒకటి ఉన్నాయి. ఆ పెట్టె ఎందుకో ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసింది. కుక్కకు పిచ్చి అవునో కాదో తేల్చాలంటే మెదడు చూడాలి. మెదడు చూడాలంటే కుక్క బతికి ఉండకూడదు.

ఆయన బండల మీద నిలబడి రెండుసార్లు తుమ్మాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రోడ్డు దుమ్మండి" అన్నాడు వీరరాఘవయ్య దూరం నుంచే. "లారీలు."

డాక్టరు జాలీల ముందు ఒక్కొక్క గది దగ్గరా ఐదేసి నిమిషాలు నిలబడ్డాడు. నిన్నటి దుమారంతో కుక్కలు ఏ రోజూ లేనంత అధ్వాన్నంగా ఉన్నాయి. కళ్లు ఉబ్బిపోయి, చొంగ నేలదాకా వేలాడుతూ, ఒకటి రెండు మూల కూర్చుని గోడను గీకుతున్నాయి. ఏడో నంబరు మాత్రం లేచి, మునుపటి హోదా ఇంకా పోలేదన్నట్టు, ఆయన్ను చూసి మొరిగింది. శబ్దం రాలేదు. నీళ్లగిన్నె దగ్గరికి వెళ్లి మూతి పెట్టి, తల విదిలించి వచ్చేసింది.

"పిచ్చి పట్టిన కుక్కకు నీళ్లంటే భయమని జనం అనుకుంటారు" అన్నాడు డాక్టరు, ప్రత్యేకంగా ఎవరితోనూ కాకుండా. "భయం కాదు. గొంతు బిగుసుకుపోతుంది. తాగాలనే ఉంటుంది. మింగలేదు."

వరండాలో కుర్చీ వేశారు. ఆయన రిజిస్టరు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆయన ముఖంలో ఒక రకమైన గౌరవం కనపడసాగింది.

"మిస్టర్ కృపారావ్, ఇది మీరు రాసిందేనా?"

"అవునండీ."

"ఇరవై ఎనిమిది. ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. వాన పడితే పద్నాలుగు." ఆయన తల ఎత్తాడు. "నేను చాలా కేంద్రాలు చూశాను. అందరూ ముప్పై, ముప్పై, ముప్పై అని కిందిదాకా వేసుకుపోతారు. చూడగానే తెలిసిపోతుంది, గదుల్లోంచి తియ్యలేదని. నా సర్వీసులో నిజం రాసిన రిజిస్టరు ఇదొక్కటే."

వీరరాఘవయ్య గొడుగు కిందికి దించి, పెళ్లిలో ఆడపిల్ల తండ్రిలా వినయంగా నిలబడ్డాడు. కృపారావుకు చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో భయంతో పాటు అతనికి కాస్త గర్వం కూడా కలిగింది. కలిగిందని తెలిసి ఒళ్లు జలదరించింది.

డాక్టరు మెల్లగా అన్నాడు: "దారి పొడుగునా నేనేం కోరుకున్నానో తెలుసా? కదలనివ్వకుండా రోజుల తరబడి మూసిపెడితే కుక్కలు ఇలాగే గుండ్రంగా తిరుగుతాయి, జాలీ కొరుకుతాయి, గొంతు పోయేదాకా అరుస్తాయి. ఈ కేంద్రంలో ఎవరో దొంగలెక్కలు రాస్తున్నారు, కుక్కల్ని బయటికే తియ్యడం లేదు, అదే అయి ఉండాలి దేవుడా అనుకుంటూ వచ్చాను. అలాగైతే మిమ్మల్ని నాలుగు తిట్టి, కుక్కల్ని వదిలిపెట్టి, సంతోషంగా ఇంటికి పోయేవాణ్ణి. ఈ రిజిస్టరు చూశాక ఆ ఆశ పోయింది."

కృపారావు పెదవులు విడివడ్డాయి.

ఇదిగో, అడిగినట్టే. ఇంతకన్నా అడగడం అంటూ ఏముంటుంది? "సార్, మీరు కోరుకున్నదే ఇక్కడ జరిగింది" అంటే చాలు. ఐదు మాటలు. లెక్కపెట్టుకున్నాడు. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది. రాగానే చూసేవాడు లోపలి నుంచి తొంగిచూశాడు: ఈ మాట కుక్కల కోసమా, నీ బరువు దించుకోవడానికా? నీ బరువు కోసమైతే అది కూడా స్వార్థమే గదా. స్వార్థం నుంచి పుట్టిన సత్యానికి…

"ఉప్పునీళ్లు ఎక్కించినవీ ఇలాగే ఉన్నాయి" అంటున్నాడు డాక్టరు. "అంటే ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. నా టీకా నుంచే మొదలై ఉంటుంది. పన్నెండింటినీ ఉంచడానికి వీల్లేదు." ఆయన కళ్లద్దాలు తీశాడు. కళ్లలో నీళ్లున్నాయి. అది దుఃఖమో, గాలో, ఆ స్థలంలో ఎవరూ చెప్పలేరు. "ఇవాళ్టి తేదీ వేసి, వ్యాయామం దగ్గర సున్నాలు పెట్టండి. రికార్డు సక్రమంగా ముగియాలి."

కృపారావు కలం తీసి పన్నెండు సున్నాలు వేశాడు. ఆరు వారాల్లో ఆ కాలమ్‌లో పడ్డ మొదటి నిజం.

డాక్టరు తోలుసంచీ తెరిచి సిరంజి బిగించుకున్నాడు. చేతులకు మందపాటి తొడుగులు వేసుకున్నాడు. "అన్నిటికన్నా ముదిరింది ఏడో నంబరు. దాంతో మొదలుపెడదాం. గది తెరవడానికి ఎవరొస్తారు?"

వీరరాఘవయ్య ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. రసూల్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని వరండా స్తంభం పట్టుకుంది. కృపారావు వైపు చూసింది. ఇంతకాలం నోరు ఊరుకోని మనిషి ఊరుకుంటే ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూశాడు.

"నేను తెరుస్తానండీ" అన్నాడు.

గడియ తీసి వంగి లోపలికి వెళ్లాడు. లోపల మసక. ఏడో నంబరు అతన్ని చూసి తోక ఒకసారి నేలకు కొట్టింది. లేవలేదు. వెనక డాక్టరు గుమ్మం దగ్గర సిరంజి పైకెత్తి, గాలి బుడగ పోగొడుతున్నాడు.

"మెడ పట్టుకోండి. మూతి తగలకుండా జాగ్రత్త."

కృపారావు మెడ పట్టుకోలేదు. ఐదు మాటలూ మళ్లీ వరసగా నిలబడ్డాయి. చూసేవాడు మళ్లీ తొంగిచూడబోయాడు. ఈసారి కృపారావు వాడు వచ్చేదాకా ఆగలేదు. కింద ఉన్న సత్తుగిన్నె అందుకున్నాడు. నీళ్లు చిక్కగా, జిగటగా ఉన్నాయి. అంచున ఎర్రటి గీత కట్టి ఉంది. అందులో అతని ముఖమేమీ కనపడలేదు. ఎత్తి నోట్లో పోసుకున్నాడు.

"ఏయ్! ఏం చేస్తున్నారు మీరు!" డాక్టరు కేక బొంగురుగా వచ్చింది.

"ఓరి నాయనో, చొంగ నీళ్లు తాగాడు!" వీరరాఘవయ్య గొడుగు పారేశాడు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులయ్యా! పద్నాలుగు!"

కృపారావు రెండో గుక్క కూడా మింగాడు. అప్పుడు మొదలైంది. నాలుక మీద నిప్పు పెట్టినట్టయి, అది గొంతులోకి దిగి, అక్కడ బిగుసుకుంది. పొలమారింది. కళ్ల నిండా నీళ్లు, ముక్కు నిండా నీళ్లు, మూతి నుంచి చొంగ జారి చొక్కా మీద పడింది. ఏదో అనబోతే శబ్దం రాలేదు. తల విదిలించాడు.

"సార్! సార్! ఇతనిక్కూడా అంటుకుందండీ!" అని గోడ అవతలికి దూకబోతూ అరిచాడు వీరరాఘవయ్య.

వరండా దగ్గర నుంచి రసూల్‌బీ నవ్వో ఏడుపో వినిపించింది. డాక్టరు సిరంజి కిందికి దించి, కళ్లద్దాల లోంచి అతని ముఖాన్నీ, అతని వెనక కూర్చున్న కుక్క ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

కృపారావు మాట్లాడే స్థితిలో లేడు. గిన్నె అడుగున మిగిలిన నీళ్లు ఒలికిపోకుండా రెండు చేతులా పట్టుకుని, దాన్ని డాక్టరు ముక్కు కిందికి జరిపాడు.